స్టీలా, అలాయా: ఆఫ్‌రోడ్ బండి చక్రం లెక్క

టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించుకుని రాళ్ల దారిలో మెల్లగా పోతున్న బండి కింది నుంచి ఒక్కోసారి ‘టంగు’మని మోత వస్తుంది. టైరు పూర్తిగా నలిగి, రాయికీ రిమ్ అంచుకీ మధ్య రబ్బరు మందం తప్ప ఇంకేమీ మిగలనప్పుడు వచ్చే మోత అది. దిగి వంగి చూస్తే, స్టీల్ చక్రం అంచు బొటనవేలు ఇమిడేంత లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అదే దెబ్బ అలాయ్‌కి తగిలితే చాలాసార్లు గీత తప్ప ఏమీ కనిపించదు. దెబ్బ ఇంకాస్త గట్టిదైతే మాత్రం అంచు నుంచి లోపలికి వెంట్రుకంత బీట పాకి, గాలి సన్నగా బుసకొడుతుంది.

చిన్న దెబ్బకు స్టీలు ముందు వంగుతుంది, పెద్ద దెబ్బకు అలాయ్ ముందు పగులుతుంది. ఎంపికంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. అందుకే ‘ఏది గట్టిది’ అని అడిగితే పనికొచ్చే జవాబు దొరకదు. ఏది ఎలా పాడవుతుంది, పాడయ్యాక ఉన్నచోటే ఎంతవరకు బాగుచేసుకోవచ్చు, మరో చక్రం దొరికే చోటు ఎంత దూరం అని అడగాలి. ఇక లోహం కన్నా ముఖ్యమైన కొలతలు నాలుగైదు ఉన్నాయి. స్టీలు, అలాయ్ వాదనలో అవి మరుగున పడిపోతుంటాయి.

తయారయ్యే తీరు

స్టీల్ చక్రం రెండు ముక్కల కలయిక. పొడవాటి ఉక్కు పట్టీని గుండ్రంగా చుట్టి, కొసలు రెండూ వెల్డు చేసి, రోలర్ల మధ్య నొక్కి రిమ్ ఆకారం తెస్తారు. మధ్యలో నట్లు పట్టే పళ్లెం లాంటి భాగాన్ని, అంటే డిస్కును, మందపాటి రేకు నుంచి ప్రెస్సులో కొట్టి తీస్తారు. తర్వాత రెండింటినీ కలిపి వెల్డు చేస్తారు. వాడేది మెత్తటి ఉక్కు. తెగే ముందు తన పొడవులో పాతిక శాతం దాకా సాగగల లోహం అది. సొట్ట పడినా ముక్కలవ్వకపోవడానికి కారణం ఆ సాగే గుణమే.

అలాయ్ అంటే ఆఫ్‌రోడ్ బండ్లకు దొరికేవాటిలో అత్యధికం పోత పోసిన అల్యూమినియమే. ఎక్కువగా వాడే మిశ్రమం ఏ356. అందులో సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం ఉంటాయి. పోత తర్వాత టీ6 అనే వేడి శుద్ధి చేస్తారు. బలం చాలావరకు అక్కడే వస్తుంది. ఈ లోహం తెగే ముందు సాగేది మామూలుగా పది శాతం లోపే. పోతలో సన్నటి గాలి బుడగలు మిగిలితే ఆ కాస్త సాగుడూ తగ్గుతుంది. ఒకే కొలత, ఒకే డిజైను ఉన్న రెండు అలాయ్‌ల మధ్య కంటికి కనిపించని నాణ్యత తేడా ఇంత ఉండటానికి కారణం ఇదే. పోత పోసిన చక్రం గొట్టం భాగాన్ని, అంటే టైరు కూర్చునే గుండ్రటి గోడను, రోలర్లతో ఒత్తి సాగదీస్తే దాన్ని ఫ్లో ఫార్మింగ్ అంటారు. రాళ్ల దెబ్బ తినేది ఆ గొట్టమే కాబట్టి ఆ పనికి విలువ ఉంది. 6061 రకం అల్యూమినియం దిమ్మెను భారీ ప్రెస్సులో నొక్కి చేసే ఫోర్జ్‌డ్ చక్రాలు వీటన్నిటికన్నా గట్టివి, పగిలే ముందు బాగానే వంగుతాయి కూడా. వాటి ధర మాత్రం వేరే లోకం.

బరువు మాట

అల్యూమినియం సాంద్రత 2.7, ఉక్కుది 7.85. దాన్నిబట్టి అలాయ్ చక్రం మూడో వంతు బరువే ఉంటుందనుకుంటే పొరపాటు. అదే బరువు మోపితే అల్యూమినియం ఉక్కు కన్నా మూడు రెట్లు ఎక్కువ వంగి, బరువు తీయగానే తిరిగొచ్చే లోహం కాబట్టి ఆ లోటు పూడ్చడానికి ప్రతి భాగాన్నీ మందంగా పోస్తారు. 16 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు ఉన్న స్టీల్ చక్రం సుమారు 12, 13 కిలోలుంటే అదే కొలత అలాయ్ 9 నుంచి 10.5 కిలోలు తూగుతుంది. తేడా చక్రానికి 2, 3 కిలోలు. బరువులు మోయడానికని దిట్టంగా పోసిన 17 అంగుళాల ఆఫ్‌రోడ్ అలాయ్‌లు కొన్ని స్టీలుతో సమానంగానూ తూగుతాయి. అలాయ్ అంటే తేలిక అని నమ్మేయకుండా కాటా మీద పెట్టి చూడటం మంచిది.

ఇక ఆ చక్రానికి ఎక్కే టైరు సంగతి చూడాలి. రోడ్డు టైరు తీసేసి అదే సైజులో మందపాటి పక్కగోడల ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, అన్ని దారులకూ పనికొచ్చే ఆల్‌టెరైన్ టైరు వేస్తే ఒక్కోదానికి 5 నుంచి 8 కిలోలు పెరగడం మామూలే. చక్రంలో మిగుల్చుకున్నదానికి రెండింతలు టైరులో పోతోంది. పైగా టైరు బరువు అంచున ఉంటుంది కాబట్టి తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ శ్రమ. మైలేజీ, పికప్ కోసం అలాయ్ వేసుకుని, ఆ పక్కనే అన్నిటికన్నా బరువైన మడ్ టైరు ఎంచుకోవడం వృథా ఖర్చు.

స్ప్రింగుల కింద వేలాడే బరువు తగ్గితే కుదుపు తగ్గుతుందన్నది నిజమే. అయితే మొత్తంలో అదెంత వాటా? గట్టి యాక్సిల్ ఉన్న బండిలో యాక్సిల్ గొట్టం, డిఫరెన్షియల్, బ్రేకులు, రెండు చక్రాలు, టైర్లు అన్నీ కలిపి స్ప్రింగుల కిందే ఉంటాయి. ఆ పెద్ద మొత్తంలో రెండు చక్రాలకూ కలిపి తగ్గే 5, 6 కిలోలు చేతికి తెలిసేంత మార్పు తేవు. నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉండి, ఎక్కువగా తారు రోడ్డు మీద వేగంగా నడిచే బండిలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

ఎక్కువ ఆఫ్‌రోడ్ చక్రాల్లో డిస్కు లేదా స్పోకులు గొట్టం బయటి అంచు వైపుకి జరిగి ఉంటాయి. బయటి అంచుకు వాటి ఆసరా దొరుకుతుంది. బండి లోపలి వైపున్న అంచు మాత్రం ఆసరా లేకుండా గొట్టం కొసన వేలాడుతుంది. అందుకే వంగినా, పగిలినా ముందు లోపలి అంచే. బయటి నుంచి చూస్తే చక్రం కొత్తదానిలా ఉంటుంది. బీటో సొట్టో లోపల ఉంటుంది.

అలాయ్ చక్రాల దెబ్బ పరీక్షకు ఐఎస్‌ఓ 7141 అనే ప్రమాణం ఉంది. టైరు ఎక్కించిన చక్రాన్ని 13 డిగ్రీలు వాల్చి బిగించి, 230 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి దిమ్మె పడేస్తారు. దిమ్మె బరువు చక్రం మోయాల్సిన గరిష్ఠ బరువులో 0.6 వంతుకు 180 కిలోలు కలిపినంత. అంటే 1000 కిలోల చక్రానికి 780 కిలోల దిమ్మె. చక్రం వంగినా ఫరవాలేదు, మధ్యభాగం చీలకూడదు, గాలి నిమిషంలోపు మొత్తం పోకూడదు. ఇది తేలికైన పరీక్షేమీ కాదు. కానీ ఆ దిమ్మె పడేది బయటి అంచు మీద. బాటలో రాయి కొట్టేది లోపలి అంచుని. కాబట్టి పరీక్ష నెగ్గిన ముద్ర ఉందంటే రాళ్లలో ఢోకా లేదని కాదు. ముద్ర లేని చక్రాన్ని మాత్రం అసలు దగ్గరికే రానివ్వకూడదు. జపాన్ ప్రమాణాల్లో జేడబ్ల్యూఎల్ గుర్తు ప్యాసింజర్ కార్ల తేలికలోహ చక్రాలకు, జేడబ్ల్యూఎల్‌-టి ట్రక్కుల తరహా బండ్లకు. బరువు మోసే ఆఫ్‌రోడ్ బండికి వెతకాల్సింది రెండోది.

స్టీల్ అంచు వంగినప్పుడు ముందు చూడాల్సింది గాలి పోతోందా లేదా అని. పోకపోతే అక్కడే సుత్తి తీయనక్కర్లేదు. టైరు పక్కగోడ లోపలి వైపు చేత్తో తడిమి, ఉబ్బు గానీ కోత గానీ లేదని తేల్చుకుని మెల్లగా బయటపడొచ్చు. గాలి పోతుంటే పని ఈ వరుసలో సాగాలి. చదునైన చోట బండి ఆపి మిగతా చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి చక్రం విప్పాలి. వాల్వులోని పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. సొట్ట దగ్గర టైరు బీడును, అంటే రిమ్‌ని పట్టుకునే టైరు అంచును, రిమ్ నుంచి లోపలికి నెట్టాలి. బండి బరువు కిందనో, పొడవాటి జాకీ పాదం కిందనో పెట్టి నొక్కితే అది దిగుతుంది. తర్వాత పెద్ద అడ్జస్టబుల్ స్పానర్ దవడలను అంచు మందానికి సరిగ్గా బిగించి, పిడికి పైపు తొడిగి, బయటికి వంచాలి. మొదలుపెట్టాల్సింది సొట్ట రెండు కొసల నుంచి, మధ్యకు చివర్లో రావాలి. ముందే మధ్యలో లాగితే అంచు అలలు తేలుతుంది. మిగిలిన వంపును ఒకటిన్నర, రెండు కిలోల సుత్తితో గొట్టం లోపలి వైపు నుంచి చిన్న చిన్న దెబ్బలతో సరిచేయాలి. ఒకే పెద్ద దెబ్బతో పని అవ్వదు. ఆకురాయితో అంచు నునుపు చేసి, బీడుకు సబ్బు నీళ్లు రాసి గాలి కొట్టాలి. 30, 35 పీఎస్‌ఐ దగ్గర బీడు ‘టప్’మని కూర్చుంటుంది. 40 దాటినా కూర్చోలేదంటే గాలి వదిలి, అడ్డేమిటో చూడాలే తప్ప ఇంకా కొట్టకూడదు. కొట్టేటప్పుడు చక్రం మీదికి వంగకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. వంపు తేలిగ్గా తీయొచ్చని టైరు ఎక్కి ఉన్న చక్రాన్ని గ్యాస్ మంటతో వేడి చేయడం ప్రాణాంతకం. లోపలి రబ్బరు కాలి మండే వాయువులు పుడతాయి, టైరు బాంబులా పేలుతుంది. గాలి వదిలేసిన టైరు కూడా పేలిన సందర్భాలున్నాయి. వేడి పెట్టాల్సి వస్తే టైరు పూర్తిగా ఊడదీశాకే.

అలాయ్ అంచుకు ఈ వైద్యం పనికిరాదు. చల్లగా ఉండగా సుత్తితో కొడితే కంటికి కనిపించని బీట అక్కడే పుడుతుంది. పగిలిన చోట వెల్డు చేస్తే ఆ వేడికి టీ6 శుద్ధి పోయి, వెల్డు చుట్టూ లోహం మెత్తబడుతుంది. గాలి ఆగుతుంది గానీ బలం తిరిగి రాదు. ముఖ్యంగా స్పోకుల మీద, నట్ల రంధ్రాల చుట్టూ, స్పోకులు గొట్టాన్ని కలిసే చోట బీట కనిపిస్తే ఆ చక్రం పని అయిపోయినట్టే. స్టెప్నీ కూడా అప్పటికే పోయి, బీట గొట్టం అంచుకే పరిమితమైతే బయటపడే మార్గం ఒకటుంది: టైరులో ట్యూబు వేయడం. బీట అంచులు రాపిడి కాగితంతో నునుపు చేసి, పైన మందపాటి టేపు వేసి, 11.5 మిల్లీమీటర్ల రంధ్రంలో పట్టే సన్న వాల్వు ఉన్న ట్యూబు ఎక్కించాలి. దాన్ని తక్కువ గాలితో నడిపితే టైరు రిమ్ మీద జారి, ట్యూబు కూడా తిరిగి వాల్వు తెగుతుంది. అందుకే మామూలు గాలి నింపి, నడక వేగంతో కాస్త మంచి దారి దాకా తెచ్చుకోవాలి. అంతకు మించి ఆ చక్రం మీద నడపకూడదు.

రెండింటినీ ఇబ్బంది పెట్టే ఇంకో దెబ్బ ఉంది. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌కీ గొట్టం లోపలి గోడకీ మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. అందులో చిక్కిన రాయి చక్రంతో పాటు తిరగకుండా క్యాలిపర్‌కి ఆనుకుని, లోపలి గోడను ఉలిలా గీస్తుంది. కీచుమని రోత శబ్దం మొదలవగానే ఆగి, ఒకటి రెండు మీటర్లు వెనక్కి పోతే తరచుగా రాయి దానంతట అదే రాలిపోతుంది. స్టీలు మీద మెరిసే గీత పడుతుంది. మెత్తటి అల్యూమినియం మీద లోతైన గాడి పడుతుంది, తర్వాత ఎప్పుడో దెబ్బ తగిలినప్పుడు బీట ఆ గాడి నుంచే మొదలవుతుంది. స్పోకుల మధ్య పెద్ద ఖాళీలున్న అలాయ్‌లోకి రాయి తేలిగ్గా దూరుతుంది. చిన్న గుండ్రటి రంధ్రాల స్టీల్ డిస్కులోకి తక్కువ దూరుతుంది. కానీ ఆ చిన్న రంధ్రాల వల్లే లోపల చేరిన బురద బయటికి రాదు. ఎండిన బురద గొట్టంలో ఒక పక్క రెండు వేళ్ల మందాన అంటుకుంటే, తారు రోడ్డెక్కి 60 దాటగానే స్టీరింగు అదురుతుంది. బ్యాలెన్సింగ్ పోయిందని పరిగెత్తే ముందు చక్రం వెనకవైపు పైపుతో నీళ్లు కొట్టి కడగాలి.

నట్ల దగ్గర జరిగే తప్పులు

చక్రం లోహం మారిస్తే నట్లు కూడా మారాల్సి రావొచ్చన్న సంగతి చాలామంది వదిలేస్తారు. ప్రమాదాలకు ఇదే అసలు చోటు. నట్టు ఆనే పీఠం మూడు రకాలు: 60 డిగ్రీల కోను, గుండ్రటి గిన్నె, కింద వాషరు ఉండే చదును. కోను పీఠంలో గుండ్రటి నట్టు బిగిస్తే అది సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి సరైన అంకె చూపిస్తూనే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. కంపెనీ నుంచే అలాయ్‌లు వచ్చిన కొన్ని బండ్ల నట్లకు వాషరు, పొడవాటి మెడ ఉంటాయి. ఆ బండికే స్టీల్ స్టెప్నీ ఇచ్చి ఉంటే అదే నట్టు దాని కోను పీఠంలో ఎలా కూర్చుంటుందో మాన్యువల్‌లో చూసుకోవాలి.

రెండోది మరలు ఎంతవరకు పట్టాయన్నది. అలాయ్ మధ్యభాగం స్టీల్ డిస్కు కన్నా మందం. స్టీలుకు సరిపోయిన స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర బోల్టు, అలాయ్‌కి పొట్టిదవ్వొచ్చు. స్టడ్డు వ్యాసమెంతో కనీసం అంత పొడవు మర నట్టులోకి ఎక్కాలి. లెక్క తేలికే: ఎం12×1.5 స్టడ్డుకు (12 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు) చేత్తో తిప్పితే పూర్తి చుట్లు 8, ఎం14×1.5కు తొమ్మిదిన్నర దాకా, అంగుళానికి 20 మరలుండే అరంగుళం స్టడ్డుకు 10. అంతకన్నా తక్కువ చుట్లకే నట్టు బిగుసుకుంటే పొడవు స్టడ్లు గానీ, మెడ పీఠంలోకి దిగే నట్లు గానీ కావాలి.

మూడోది బిగింపు. ఎం12 స్టడ్లకు సాధారణంగా 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు అడుగుతారు, ఎం14కు 130 నుంచి పైకి. అసలు అంకె ఆ బండి మాన్యువల్‌దే. కొన్ని బండ్ల మాన్యువల్ స్టీలుకొకటి, అలాయ్‌కొకటి వేర్వేరు అంకెలు ఇస్తుంది. స్టీల్ డిస్కును నట్ల చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా కొడతారు. బిగించినప్పుడు అది సన్నగా వంగి స్ప్రింగులా నట్టును తన్నిపెట్టి ఉంచుతుంది. అలాయ్‌కి ఆ స్ప్రింగు గుణం లేదు. పైగా కొత్త పీఠం మొదటి రోజుల్లో కాస్త నలిగి సర్దుకుంటుంది. అందుకే అలాయ్ వేసిన 50 నుంచి 100 కిలోమీటర్లలోపు ఒకసారి, మొదటి రాళ్ల ప్రయాణం అయ్యాక మరోసారి టార్క్ చూసుకోవాలి. ఎయిర్ గన్నుతో ఊరికే బిగించి వదిలేస్తే కోను పీఠం అరిగిపోతుంది, స్టడ్డు సాగుతుంది.

రంగు కూడా నట్టు వదులు చేస్తుంది. పాత స్టీల్ చక్రాలకు పౌడర్ కోటింగు చేయించినప్పుడు హబ్బుకు, అంటే యాక్సిల్ కొసన చక్రం బిగించే భాగానికి, ఆనే ముఖం మీద, నట్టు పీఠాల్లో కోటింగు పడకుండా మాస్కింగ్ చేయించాలి. మధ్యలో ఆ పొర ఉంటే బరువుకు నలిగి పలచబడుతుంది, ఆ మేరకు బిగింపు పోతుంది. అలాయ్‌కి పౌడర్ కోటింగు అంటే ఓవెన్‌లో వేడి చేయడమే కాబట్టి పదేపదే చేయిస్తే టీ6 బలం తగ్గుతుంది.

లోహం కన్నా ముందు చూడాల్సిన కొలతలు

అన్నిటికన్నా ముందు వ్యాసం. 265/70 ఆర్16 టైరు, 265/60 ఆర్18 టైరు రెండూ దాదాపు 776 మిల్లీమీటర్ల ఎత్తే. కానీ మొదటిదాని పక్కగోడ 185 మిల్లీమీటర్లు, రెండోదానిది 159. గాలి దించినప్పుడు నలగడానికి, రాయి దెబ్బ రిమ్ దాకా చేరకుండా మింగడానికి ఉన్నది ఆ పక్కగోడే. 18 అంగుళాల చక్రం నుంచి 16కి దిగితే, బ్రేకులు ఒప్పుకుంటే, చక్రానికి దక్కే రక్షణ ఏ లోహమూ ఇవ్వలేదు. మంచి ఫోర్జ్‌డ్ 20 అంగుళాల చక్రం కన్నా మామూలు పోత 16 అంగుళాల చక్రం రాళ్లలో ఎక్కువ కాలం బతుకుతుందని ధైర్యంగా చెప్పొచ్చు. స్టీల్ చక్రాలు ఎక్కువగా 15, 16, 17 అంగుళాల్లోనే దొరకడం ఒకరకంగా కొనేవారికి మేలే చేస్తోంది.

తర్వాత మోసే బరువు. వెనక యాక్సిల్ పరిమితి 1900 కిలోలుంటే ఒక్కో చక్రం కనీసం 950 కిలోలు మోయాలి. పక్కకు ఒరిగిన దారిలో కింది చక్రం మీదికి అంతకు మించి పడుతుంది. కాబట్టి పది, పదిహేను శాతం పైన ఉన్నదే తీసుకోవాలి. ఆ అంకె చక్రం వెనకవైపు పోతలోనో, డిస్కు మీద కొట్టిన అచ్చులోనో ఉంటుంది. అందంగా కనిపించే అలాయ్‌లు కొన్ని కార్లకని చేసినవి, 700 కిలోల దగ్గరే ఆగిపోతాయి. పైకప్పు మీద టెంటు, వెనక నీళ్ల ట్యాంకు, డీజిల్ డబ్బాలు మోసే బండికి అవి చాలవు.

ఆఫ్‌సెట్ అంటే హబ్బుకు ఆనే ముఖం చక్రం నడిమధ్య గీతకు ఎంత దూరంలో ఉందన్న కొలత, చక్రం మీద ఈటీ అని రాస్తారు. కంపెనీ చక్రం ఏడున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 30 అనుకుందాం. దాని బదులు 8 అంగుళాల వెడల్పు, ఈటీ 0 ఉన్న చక్రం వేస్తే బయటి అంచు 36 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, లోపలి అంచు 24 మిల్లీమీటర్లు సస్పెన్షన్‌కి దూరం జరుగుతుంది. బండి నిలకడగా, వెడల్పుగా కనిపిస్తుంది. కానీ స్టీరింగు తిరిగే అక్షం నుంచి టైరు దూరమవడంతో ప్రతి రాయీ స్టీరింగును చేతిలోంచి లాగుతుంది, వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డును రాస్తుంది. విడిగా దొరికే స్టీల్ చక్రాల్లో ఈటీ 0, మైనస్ ఈటీలు ఎక్కువ. చూపుకు బాగుందని తీసుకోకుండా కంపెనీ కొలతకు 10, 15 మిల్లీమీటర్లు దాటకుండా ఉండటం మేలు.

పీసీడీ, అంటే నట్ల రంధ్రాల సంఖ్య, అవి ఉన్న వృత్తం వ్యాసం, కుదిరినంత మాత్రాన చక్రం కుదిరినట్టు కాదు. ల్యాండ్ క్రూజర్ 200కు 5×150 ఉండేది, దాని తర్వాతి 300కు 6×139.7 వచ్చింది. హైలక్స్‌దీ 6×139.7నే. కానీ హైలక్స్ చక్రం మధ్య రంధ్రం 106 మిల్లీమీటర్లు, 300కు కావాల్సింది 95. నట్లన్నీ ఎక్కుతాయి, చక్రం మాత్రం హబ్బు మీద ఆనకుండా నట్ల మీదే వేలాడుతుంది. మధ్యలో సరైన రింగు వేసుకోవాలి లేదా ఆ చక్రం వద్దనుకోవాలి.

తుప్పు, ఉప్పు

స్టీలుకు శత్రువు తుప్పు. పైపైన కనిపించేది పెద్ద బెడద కాదు, తీగ బ్రష్షుతో గీకి, జింకు ప్రైమరు వేసి రంగు వేస్తే పోతుంది. టైరు కింద బీడు ఆనే చోట, డిస్కూ రిమ్మూ కలిసే వెల్డు సందులో తడి బురద నిలిచి తినేసే తుప్పు చెడ్డది. టైరు మార్చిన ప్రతిసారీ ఆ రెండు చోట్లా గోరుతో గీకి చూడాలి. పొరలు పొరలుగా లేస్తే ఆ చక్రం పక్కన పెట్టాలి.

అలాయ్ తుప్పు పట్టదనేది సగం నిజం. రాయి గీసిన చోట పారదర్శక పూత కిందికి ఉప్పు తడి చేరితే తెల్లటి పురుగు పాకిన చారల్లా బూజు వ్యాపిస్తుంది. అది బీడు దాకా చేరితే వారానికి నాలుగైదు పీఎస్‌ఐ గాలి తగ్గుతూ, పంక్చరు ఎక్కడా దొరకదు. సముద్రపు ఇసుకలో తిరిగే బండికి ఇంకో చిక్కు: ఉక్కు హబ్బూ, అల్యూమినియం చక్రమూ ఉప్పు తడిలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నట్లన్నీ విప్పినా చక్రం కదలదు. అప్పుడు నట్లను రెండు చుట్లు వదులు చేసి ఉంచి, బండిని ఒకటి రెండు మీటర్లు ముందుకు వెనక్కు కదిపి బ్రేకు వేస్తే పట్టు వదులుతుంది. ముందు జాగ్రత్తగా హబ్బు ఉంగరం మీద అతుక్కోకుండా చేసే యాంటీసీజ్ పేస్టు పలుచగా రాయొచ్చు. స్టడ్ల మరలకు మాత్రం తగలనివ్వకూడదు, తగిలితే అదే టార్కుకు నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది.

ఎవరికి ఏది

నెలకోసారి అడవి బాట, మిగతా రోజులన్నీ తారు రోడ్డు అయితే, బరువు మోసే ముద్ర ఉన్న 16 లేదా 17 అంగుళాల పోత అలాయ్ చాలు. కంపెనీ ఇచ్చిన అలాయ్ ఆ కొలతల్లోనే ఉంటే కొత్తవి కొననే అక్కర్లేదు; ఆ డబ్బు మంచి టైర్లకు, చిన్న కంప్రెసరుకు, గాలి కొలిచే మీటరుకు పెడితే చక్రాలు ఎక్కువ బతుకుతాయి. ఇసుకలో వేగంగా తిరిగేవారికి అలాయ్ తేలికదనం పనికొస్తుంది, అక్కడ అంచు పగలగొట్టే రాళ్లూ తక్కువే.

వారాల తరబడి ఊళ్లకు దూరంగా, నిండా సామానుతో, రాళ్లలో తిరిగే బండికి స్టీలే. సహాయ సంస్థలు మారుమూల నేలల్లో నడిపే ల్యాండ్ క్రూజర్లు ఎక్కువగా స్టీల్ చక్రాల మీదే కనిపిస్తాయి. వంగిన చక్రాన్ని ఏ మూల కమ్మరైనా సరిచేయగలడు, పగిలిన అలాయ్‌ని సరిచేసే మనిషి పట్నంలో కూడా నమ్మకంగా దొరకడు. బాగా వంగి, సరిచేశాక కూడా పక్కకు గానీ పైకి గానీ ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ ఊగే స్టీల్ చక్రాన్ని తర్వాత స్టెప్నీగానే వాడుకోవాలి. జాకీ ఎత్తి, చక్రం పక్కన కదలని పుల్లను అంచుకు దగ్గరగా నిలిపి తిప్పితే ఊగు కంటికే తెలుస్తుంది.

టైరు బీడును రింగుతో రిమ్‌కి బిగించి పట్టే బీడ్‌లాక్ చక్రాల గురించి ఒక్క మాట. 10 పీఎస్‌ఐ కన్నా కిందికి గాలి దించేవారికే వాటి అవసరం. బయటి రింగుకు పాతిక, ముప్పై బోల్టులుంటాయి, వాటి టార్కు తరచూ చూసుకోవాలి. కొన్ని దేశాల్లో రోడ్డు మీద వాటికి అనుమతి లేదు.

అలాయ్‌లు వేసుకుని ఐదోదిగా స్టీల్ చక్రం మోసుకెళ్లడం తెలివైన పనే. అందులో టైరు సైజు మిగతా నాలుగింటితో ఒకటే ఉండాలి, లేకపోతే ఫోర్‌వీల్ డ్రైవ్‌లో గేర్ల మీద భారం పడుతుంది. స్టీల్ గొట్టం లోపలి ఆకారం వేరు కాబట్టి ముందు బ్రేకు క్యాలిపర్‌ను రాసే అవకాశం ఉంది. కొత్త సెట్టు బిగించిన రోజే ఆ స్టెప్నీని నాలుగు మూలలకూ ఒక్కోసారి ఎక్కించి, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. దానికి వేరే నట్లు కావాలని తేలితే ఆ నట్లను ఒక సంచిలో వేసి, సంచిని స్టెప్నీ రంధ్రానికే కట్టి ఉంచాలి.